రెండో పిలుపు

మా ముత్తాత కౌతాళం వైపు పదకొండు ఊళ్లకు దేశాయి. ఆ ఊళ్ల శిస్తు ఆయన చేతిమీదుగా సర్కారుకు పోయేది. ఆయన కొడుకు, అంటే మా తాత, ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లు పెట్టాడు. ఆయన కచ్చేరికి పోతే తహసీల్దారు లేచి కుర్చీ చూపించేవాడు. మిల్లూ, పొలాలూ, సగం ఇల్లూ ఒకటొకటిగా చేజారడం చూసే వంతు మా నాయనకు వచ్చింది. ఆయన గురించి ఇంతకంటే రాయను.

తాతను ఎవరైనా వాకిట్లో నిలబడి పిలిస్తే మొదటి పిలుపుకు పలికేవాడు కాదు. తీరిగ్గా కూర్చుని ఉన్నా సరే, రెండోసారి పిలిచేదాకా ఆగేవాడు. ఇంట్లో ఆడవాళ్లకూ అదే అలవాటు. నాకు బుద్ధి తెలిసేసరికి మా వాకిట్లో నిలబడి పిలిచేవాళ్లు తగ్గిపోయారు గానీ పద్ధతి మాత్రం పోలేదు.

ఆ ఇంట్లో పుట్టిన నేను డెబ్భైల్లో టెలిఫోన్ లైన్‌మన్‌గా పనిచేశాను. భుజాన తీగచుట్ట, నడుముకు తోలు పట్టా. ఆదోనిలో ఏ స్తంభం ఎక్కినా ఒకప్పుడు మాదైనదేదో కనపడేది. ఒక చోట మిల్లు పొగగొట్టం, ఇంకో చోట మా అంగళ్ల వరుస. కింద ఎవరో ఒకరు తలెత్తి పక్కవాడికి చూపించేవాళ్లు.

"చూడప్పా, దేశాయి మనవడు. పైననే ఉండాడు."

ఆ 'పైననే' అన్న మాటలో ఎగతాళి ఉందా లేదా అని తీగ బిగించినంత సేపూ ఆలోచించేవాణ్ణి. ఉందనే ఇప్పటికీ నా నమ్మకం.

స్తంభం దిగి ఎక్స్ఛేంజీ లోపల కుర్చీలో కూర్చోవాలంటే మెకానిక్ పరీక్ష పాసు కావాలి. మొదట కాగితం మీద రాయాలి, తరువాత కర్నూలులో ఒక ఆఫీసరు ముందు చేతిపని చూపించాలి. చెడిపోయిన లైను ఎక్కడ చెడిందో కనిపెట్టడం, కాల్స్ కలిపే బోర్డు నడపడం, ఈ రెండే ఆ చేతిపని. చిన్న ఊళ్ల ఎక్స్ఛేంజీల్లో అన్నీ మెకానిక్కే చూసుకోవాలి కాబట్టి రెండూ రావాలి. మూడుసార్లకు మించి కూర్చోనివ్వరు. నేను రెండుసార్లు కూర్చున్నాను. రెండుసార్లూ రాతలో పాసు, చేతిపనిలో ఫెయిలు. కారణం చెప్పరు. మూడోసారి పోతే పదవీ విరమణ దాకా స్తంభాలే గతి.

కారణం నాకు తెలుసనుకున్నాను. మా సూపర్వైజరు తండ్రి మా మిల్లులో ఎద్దులబండి తోలినవాడు. కొడుకు ఇప్పుడు నా చేత స్తంభాలు ఎక్కిస్తున్నాడు. నేను కుర్చీలోకి రావడం అతనికి ఇష్టముండదు కదా. కర్నూలుకు ఏదో ఒక మాట పోయి ఉంటుంది. చేతిపని సాధన చేసుకుంటానని అడిగితే, "బోర్డు కాడికి లైన్‌మన్లు రాగూడదు స్వామీ, పత్తి వ్యాపారస్తుల ట్రంకు కాల్స్ పోతాంటాయి" అన్నాడు. స్వామీ అన్నాడు చూడండి. ఆ మర్యాద చూసి నా అనుమానం మరీ గట్టిపడింది.

అందుకని ఇంట్లోనే ఎక్స్ఛేంజీ కట్టుకోవాలని నిశ్చయించాను.

మాకు మిగిలింది కింద హాలు, వంటిల్లు, మిద్దె మీద ఒక గది. మిగతా సగంలో నూనె మిల్లు నడిచేది. పొద్దున మొదలైన ఇంజను చప్పుడు చీకటి పడేదాకా ఆగేది కాదు. ఇంట్లో ఉండేది నేనూ, మా మేనత్తా. ఆమె చిన్నప్పుడే భర్త పోయి పుట్టింటికి వచ్చింది. హాలు గోడకు పాత టెలిఫోను పెట్టె ఒకటి ఉండేది. టేకు చెక్కది, పక్కన తిప్పే పిడి, పైన రెండు ఇత్తడి గంటలు. తాత మిల్లుకూ ఇంటికీ మధ్య సొంత తీగ వేయించి, రెండు కొసలకూ రెండు పెట్టెలు తెప్పించాడట. తీగ ఎప్పుడో పోయింది. మిల్లులో ఉండాల్సిన రెండో పెట్టె కనపడలేదు. మిల్లు మునిగినప్పుడు ఎవరో ఎత్తుకుపోయారని నేను చిన్నప్పటి నుంచీ అనుకునేవాణ్ణి. సాధనకు నాకు రెండు పెట్టెలు కావాలి.

అది ఎమ్మిగనూరులో దొరికింది. అక్కడ రేడియోలూ గడియారాలూ బాగుచేసే సాయిబు ఒకడు ఉన్నాడని, తీగచుట్టలు చుట్టడంలో గట్టివాడని విని బస్సెక్కి పోయాను. నాకంటే పదేళ్లు పెద్ద. నేతగాళ్ల ఇళ్ల సందులో చిన్న అంగడి. లోపల కాలు పెట్టగానే అతని వెనక గోడ మీద మా హాలులోని పెట్టె. అదే టేకు, అవే గంటలు.

"ఇది యాడిది?" అన్నాను.

"మా నాయనది" అన్నాడు, కంటికి పెట్టుకున్న భూతద్దం తీయకుండా.

"మీ నాయనకు యాడిది?"

అప్పుడు తీశాడు. నన్ను పైనుంచి కిందికి చూశాడు. "మా నాయన మీ మిల్లులో ఫిట్టరు. నువ్వు చిన్నదేశాయివి గదా? ముక్కు చూస్తేనే తెలిసిపాయ."

అడిగినదానికి జవాబు చెప్పలేదు. నేను మళ్లీ అడగలేదు. అడిగితే పెట్టె ఇవ్వడేమోనన్న భయం ఒకటి. ఏ ఫిట్టరు మిల్లు గోడ మీది పెట్టెను ఇంటికి మోసుకుపోతాడో నాకు ఒకరు చెప్పాలా అన్న కోపం ఒకటి. పరీక్ష సంగతి చెప్పాను. అతను లేచి గోడ మీది నుంచి పెట్టె దించి, గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు.

"పరీక్ష అయినంక తెచ్చియ్యి. బోర్డుకు కాయిల్లు నేను సుట్టిస్తా. ఆదివారం ఆదివారం వస్తా ఉంటా."

"బాడుగ ఎంత?"

"బాడుగ ఏంది చిన్నదేశాయీ, ఇదేమన్నా ఎద్దా?"

ఊరికే ఇచ్చేవాణ్ణి నేను నమ్మను. తిరుగు బస్సులో పెట్టెను ఒళ్లో పెట్టుకుని, ఎందుకు ఇచ్చాడా అని ఆదోని వచ్చేదాకా ఆలోచించాను. తప్పు చేసినవాడి కొడుకు, పీడ వదిలించుకుంటున్నాడు అనిపించింది.

మిద్దె మీద పాత తలుపు రెక్కను రెండు డబ్బాల మీద పరిచి బల్ల చేశాను. వనస్పతి డబ్బా రేకు కత్తిరించి చిన్న షట్టర్లు చేశాను. ఎవరైనా పిడి తిప్పితే కాయిలు గుంజి షట్టరు కింద పడుతుంది, ఎవరు పిలుస్తున్నారో తెలుస్తుంది, అక్కడ ప్లగ్గు గుచ్చి పలకాలి. సాయిబు కాలిపోయిన ఫ్యాను తీగతో నాలుగు కాయిళ్లు చుట్టాడు. ఎమ్మిగనూరు మగ్గాల నూలును తీగల చుట్టూ అల్లి ప్లగ్గులకు తాళ్లు చేశాడు. అంత నాజూకు తాళ్లు మా ఆఫీసులో కూడా లేవు. కరెంటుకు బ్యాటరీలుగా గాజు జాడీలు నాలుగు, వాటిలో నవసాగరం నీళ్లు. నవసాగరం కోసం కలాయి వేసేవాళ్ల వీధికి పోతే, "దేశాయిగారింట్ల గిన్నెలకు కలాయి మీరే ఏస్తాండారా?" అని నవ్వారు. ఎమ్మిగనూరు పెట్టె మిద్దె మీద, మా పెట్టె హాలులో, మధ్య బోర్డు. కింద పలకడానికి మా అత్త.

ఊరికి తెలియడానికి వారం పట్టలేదు. మొదట ఒక పత్తి దళారి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోకుండా మిద్దె మెట్ల వైపు చూస్తూ, "దానిలో బొంబాయి ధర ఇనపడుతుందంటనే?" అన్నాడు. వినపడదన్నాను. "ఇనపడదు అనే అంటారు లే" అని కన్ను గీటి పోయాడు. తరువాత సూపర్వైజరే వచ్చాడు. ఆఫీసు తీగ ఇంటికి చేరిందని ఎవరో చెప్పారట. తీగ గజాల లెక్కన కొలిచాడు, జాడీలు వాసన చూశాడు. పాత ఇనుము అంగడి చీటీలన్నీ వరుసగా ముందు పెట్టాను. నేను వాటిని దాచింది ఈ రోజు కోసమే. అతను చీటీలు చూసి, నిట్టూర్చి, "బాగా కట్టినారు స్వామీ" అని దిగిపోయాడు. పోతూ పోతూ హాలులోని పెట్టె గంటను గోటితో మీటాడు. ఎందుకు మీటాడో నాకు ఈ రోజుకూ అర్థం కాలేదు.

సాధన మొదలుపెట్టిన మొదటి రోజే లోపం బయటపడింది. నేను మిద్దె మీద బోర్డు నుంచి హాలుకు రింగు కొడతాను. జవాబు ఉండదు. మళ్లీ కొడతాను. అత్త "ఆఁ" అంటుంది. మర్నాడూ అంతే. పుస్తకంలో రాసుకున్నాను: మొదటి రింగు పోలేదు, రెండోది పోయింది. పది రోజులు రాసిందే రాశాను. ఇంజను చప్పుడులో కింది గంట పైకి వినపడదు. అత్తను అడిగాను.

"అత్తా, గంట మోగితే ఎత్తుతాండావు గదా?"

"ఎత్తక ఏం జేస్తానప్పా? పిలిస్తివి, పలికితి."

పెద్దామెను అంతకంటే తరచి అడగడం మా ఇంట్లో లేదు. జాడీల్లో నీళ్లు మార్చాను. తీగ మొత్తం విప్పి మళ్లీ వేశాను. గంటల మధ్య సుత్తిని సానపట్టాను. లోపం పోలేదు. మార్చనిది ఒకటే మిగిలింది, సాయిబు చుట్టిన కాయిళ్లు.

అక్కడి నుంచి నా బుర్ర ఒకే దారిలో పోయింది. తెలిసినవాడు కాయిలులో నాలుగు చుట్లు కలిపేస్తే, అది ఒకసారి పనిచేసి ఒకసారి పనిచేయదు. ఎందుకు చేస్తాడు? వాళ్ల నాయన చేసిన దొంగతనం నేను బయటపెడతానని. లేదా సూపర్వైజరు చెప్పి చేయిస్తున్నాడు. ఇద్దరి నాయనలూ మా మిల్లులోవాళ్లే కదా. సాయిబు ఆదివారం వచ్చిపోయిన ప్రతిసారీ బోర్డు స్క్రూల మీద లక్క కరిగించి పోసి, తాత ఉంగరంతో ముద్ర వేసేవాణ్ణి. వారమంతా పొద్దున లేచి ముద్రలు చూసుకునేవాణ్ణి. ఒక్కటీ చెదరలేదు. చెదరకపోవడం చూసి, వీడు మరీ తెలివైనవాడు అనుకున్నాను.

పరీక్ష ఇక మూడు వారాలుందనగా ఒక ఆదివారం సాయిబు వచ్చాడు. లక్క ముద్రలు చూసి నవ్వాడు.

"ఏంది చిన్నదేశాయీ, ఖజానాకు ఏసినట్ల ఏసినావు?"

"కాయిల్లో ఏం కలిపినావు?" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. "ఏమన్నావు?"

"మొదటి రింగు పోదు. రెండోది పోతుంది. మొదటి దినం నుంచి రాసి పెట్టినా. ఎవరు చెప్తే చేసినావు?"

అతను పుస్తకం తీసుకుని పేజీలు తిప్పాడు. "నాకు ఎవరు జెప్తారు? నేను యాడోడు, మీ ఆఫీసు యాడ?"

"అయితే నీ అంతట నువ్వే చేసినావు. మీ నాయన మా గోడ మీది పెట్టె మోసుకొనిపాయ, నువ్వు నా పరీక్ష మోసుకొనిపోదామని వచ్చినావు."

అన్నాను. రాయకుండా దాటేయవచ్చు గానీ, అన్నది అన్నట్టే రాస్తున్నాను. అతని మొహం ఎర్రబడింది. పెదవి కదిలింది. ఏదో చెప్పబోయి, మింగేశాడు. అతను మింగినది నేను చూశాను. దొరికిపోయినవాడి మౌనం అనుకున్నాను.

పుస్తకం బల్ల మీద పెట్టి, "మా నాయన ముచ్చట నీ నోట ఇంకోసారి రాగూడదు" అని మాత్రం అన్నాడు. "నీ కాయిలు చూస్తాం పా. నేను కిందికి పోతా. పెట్టెను తాకను, దూరంగా కూసుంటా. ఒక్కసారి రింగు కొట్టు. ఒక్కసారే."

కొట్టాను. ఆగాను. జవాబు లేదు. నేను గెలిచాననుకున్నాను. అంతలో కింది నుంచి సాయిబు కేక ఇంజను చప్పుడును కూడా దాటి వచ్చింది. "చిన్నదేశాయీ! దిగిరా!"

దిగాను. అత్త పెట్టె ఎదురుగా పీట వేసుకుని కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. సాయిబు గుమ్మం దగ్గర నిలబడి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"మోగినాదా?" అన్నాను.

"ఇత్తడి పగిలేట్టు మోగినాది" అన్నాడు సాయిబు.

"మరి ఎత్తలేదేమత్తా?"

అత్త నన్ను వింతగా చూసింది. "ఒక పిలుపుకే పలుకుతారా మనింట్ల? ఒక్క పిలుపుకు లేసేది కూలోళ్లప్పా. నువ్వు ఇంగోసారి పిలుస్తావు గదా అని కూసున్నా."

సాయిబు అంతటితో వదల్లేదు. "అమ్మా, ఇప్పుడు నువ్వు ఆయన్ని పిలువు. ఒక్కసారే తిప్పు" అని నన్ను వెంటబెట్టుకుని మిద్దె ఎక్కాడు. షట్టరు టపీమని పడింది. నేను దాన్ని చూస్తూ కూర్చున్నాను.

"పడినాది గదా. ప్లగ్గు పెట్టవేమి?"

"గాలికి తీగలు తగిలినా షట్టరు పడుతుంది. ఇంకోసారి పడితేనే నిజంగా పిలిచినట్టు."

"ఇంట్లో గాలి యాడిది చిన్నదేశాయీ?" అన్నాడు. తరువాత మెల్లగా అడిగాడు. "కర్నూల్లో గూడా ఇట్లనే కూసున్నావా?"

అలాగే కూర్చున్నాను. రెండుసార్లూ అలాగే కూర్చున్నాను. ఆఫీసరు చేతిలో గడియారం ఉంది. షట్టరు పడింది. రెండోసారి పడేదాకా వీపు నిటారుగా పెట్టుకుని ఆగాను. అదే పనితనమనుకున్నాను. ఆయన కాగితం మీద ఏదో గీయడం చూసి, సూపర్వైజరు మాట చేరిందనుకున్నాను.

సాయిబు మంచినీళ్లు కూడా తాగకుండా బయలుదేరాడు. చెప్పులు వేసుకుంటూ, "పెట్టె ఉండనీ. పరీక్ష అయ్యేవరకు నీదే" అన్నాడు. నేను గుమ్మం దాకా కూడా పోలేదు.

అతను పోయాక అత్త అడిగింది. "ఆ పిల్లోణ్ణి ఏమన్నావు?" ఆమెకు అతనింకా పిల్లోడే. చెప్పాను. ఆమె లేచి గోడ మీది పెట్టె మీద చేయి వేసింది.

"మిల్లు పెట్టెను మీ తాతే అమ్మినాడప్పా" అంది. "మిల్లు నడస్తానే ఉన్నెప్పుడు. ఎవరికీ తెలీకుండా ఫిట్టర్ని పిలిచి ఇచ్చినాడు. దేశాయి గోడ మీది సామాను అమ్మినాడనే మాట యాడా పుట్టగూడదని ఖురాను మీద చెయ్యి పెట్టిచ్చుకున్నాడు. దీన్ని గూడా ఇచ్చేవాడే. నేను ఏడిస్తే ఉంచినాడు."

"నాకెప్పుడూ చెప్పలేదేమి?"

"నువ్వు అడిగితివా? దొంగ దొంగ అంటివి గాని, అడగలేదే."

మిగిలిన మూడు వారాలూ ఒకటే సాధన. అత్తకు ఒకసారే తిప్పమని చెప్పాను. షట్టరు పడగానే నా చేయి లేవాలి. మెడ వెనక ఏదో పట్టి లాగినట్టుండేది. ఆమె కూడా ప్రయత్నించింది గానీ మొదటి రింగుకు ఎత్తడం ఆమెకు చివరిదాకా చేతకాలేదు. నేను పిలిచినప్పుడు గంట మోగుతుండగానే చేయి చాపి, మళ్లీ వెనక్కి తీసుకునేదట.

కర్నూలులో అదే గది, అదే గడియారం. ఆఫీసరు నా పాత కాగితాలు చూసి, నన్ను చూసి, మళ్లీ కాగితాలు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. షట్టరు పడింది. అది కింద తగిలిన చప్పుడు నాకు వినపడకముందే ప్లగ్గు లోపల ఉంది. "నెంబర్ ప్లీజ్" అన్నాను. నా గొంతు నాకే కూలివాడి గొంతులా వినిపించింది.

పాసయ్యాను. సూపర్వైజరు నా చేతికి కాగితం ఇచ్చి, "ఈసారి గూడా రాసినా స్వామీ కర్నూలుకు, మంచి పనోడని" అన్నాడు. 'ఈసారి గూడా' అన్నాడు. అంటే ముందు రెండుసార్లూ రాశాడా, ఏమని రాశాడు? అడగాలనుకుని అడగలేదు. నన్ను ఎమ్మిగనూరు ఎక్స్ఛేంజీకి వేశారు.

పెట్టెను గోనెపట్టాలో చుట్టుకుని చేరిన రోజే అంగడికి పోయాను. సాయిబు తల వంచుకుని గడియారం విప్పుతున్నాడు. అంతవరకూ నేను అతన్ని సాయిబూ అనే పిలిచాను. గుమ్మంలో నిలబడి, "అన్నా" అన్నాను.

పలకలేదు. మర తిప్పుతూనే ఉన్నాడు. వినపడలేదేమో అనుకున్నాను. వినపడిందని కూడా అనుకున్నాను. పక్క మగ్గం ఆగింది. నేతగాడు మమ్మల్ని చూస్తున్నాడు. ఎండ నా వీపు మీద ఉంది.

"అన్నా" అన్నాను మళ్లీ.

"ఆఁ" అని తలెత్తాడు. "మొదటిదే ఇనపడినాది లే. మీ ఇంటి మర్యాద మీకు జేసినా. కూసో."

టీ తెప్పించాడు. పెట్టెను గోడ మీద పాత మేకుకే తగిలించాడు. మా తాత మాట గానీ, వాళ్ల నాయన మాట గానీ ఇద్దరమూ ఎత్తలేదు. జత పెట్టె ఇంకా ఆదోనిలో ఉందా అని అడిగాడు. ఉందన్నాను. ఎందుకు అడిగాడా అని ఆ రోజంతా ఆలోచించాను.

మా అత్త పోయిన ఏడు ఆదోని హాలు కూడా నూనె మిల్లులో కలిసిపోయింది. గోడ మీది పెట్టెను ఎమ్మిగనూరు అన్నకు అమ్మాను.